వాల్ట్జ్ అడుగులో తాళం, అదుపు



ఈ వేళ మనం వాల్ట్జ్ అనే నాట్యం గురించి ముచ్చటించుకుందాం. "మనకెందుకమ్మా ఆ దొరల డాన్సు!" అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. కాని మన ఆడపిల్లలూ, కోడళ్ళూ లండన్‌లోనూ, న్యూజెర్సీలోనూ కాపురాలు చేస్తున్న రోజులివి. అక్కడ సాయంకాలం క్లాసులకు వెళ్ళి ఇది నేర్చుకునేవాళ్ళుంటారు. పిల్లల దగ్గరికి ఆర్నెల్ల కోసం వెళ్ళి, వాళ్ళతోపాటు సరదాగా రెండడుగులు వేసి చూసే అమ్మలూ ఉంటారు. మన నగరాల్లోనూ నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉన్నవారికి కొదవ లేదు. అలా మొదలుపెట్టిన చాలామంది నాలుగో క్లాసుకో, అయిదో క్లాసుకో ఒకే మాట అని మానేస్తారు. "పాట వినిపిస్తూనే ఉందండీ, కాళ్ళే కలవడం లేదు. నాకు తాళజ్ఞానం లేదు" అని.

ఈ మాట నూటికి తొంభై పాళ్ళు నిజం కాదు. చిన్నప్పటినుంచీ భజనలో చప్పట్లు తప్పకుండా కొట్టిన చేతులు మనవి. బతుకమ్మ చుట్టూ తిరిగినా, గొబ్బెమ్మ చుట్టూ తిరిగినా అడుగూ చప్పట్లూ కలిపి వేసిన వాళ్ళం. మన చెవికి తాళం తెలుసు. వాల్ట్జ్‌లో తాళం తప్పేది చెవి దగ్గర కాదు, కాలి దగ్గర. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒంటి బరువును ఒక కాలినుంచి రెండో కాలికి మార్చే దగ్గర. అది ఎలా మార్చాలో, ఎప్పుడు మార్చాలో తెలిస్తే తాళమూ కుదురుతుంది, అదుపూ వస్తుంది. ఈ రెండూ వేరు వేరు పాఠాలు కావు, ఒకటే పాఠం. దాన్నే ఇవాళ విడమరచి చెప్పుకుందాం.

ముందుగా ఈ నాట్యం పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలుసుకుందాం. వాల్ట్జ్ అన్న పేరు జర్మన్ భాషలో దొర్లడం, గిరగిరా తిరగడం అన్న అర్థమిచ్చే మాటనుంచి వచ్చింది. ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల్లో జంటగా తిరిగే నాట్యాలు పద్ధెనిమిదో శతాబ్దం చివరకు వియన్నా నగరంలోని పెద్ద హాళ్ళకు చేరాయి. అంతకుముందు రాజుల కొలువుల్లో ఆడామగా వరసల్లో నిలబడి, చేతి కొసలు మాత్రం తాకించుకుని ఆడేవారు. వాల్ట్జ్‌లో అలా కాదు, జంట ఒకరినొకరు పట్టుకుని తిరగాలి. అందుచేత అప్పట్లో పెద్ద గొడవే అయింది. 1816లో లండన్ రాజాస్థానంలో వాల్ట్జ్ ఆడారని తెలిసి, అక్కడి 'టైమ్స్' పత్రిక ఇది మర్యాదస్తుల ఆడపిల్లలకు తగిన నాట్యం కాదని సంపాదకీయమే రాసింది. ఏ కాలంలోనైనా పెద్దవాళ్ళ బెంగ ఒకటే గదా! అయినా నాట్యం ఆగలేదు. యోజెఫ్ లానర్, యోహాన్ స్ట్రాస్, ఆయన కొడుకు చిన్న స్ట్రాస్ దీనికి కట్టిన బాణీలు లోకమంతా పాకిపోయాయి. చిన్న స్ట్రాస్ 'బ్లూ డాన్యూబ్' మొదటిసారి వినిపించింది 1867లో. వియన్నాలో ఈనాటికీ చలికాలం నాట్యోత్సవాలు జరుగుతాయి. తెల్లటి గౌనుల్లో యువతులు మొదటి నాట్యం ముగించాక, "ఇక అందరూ వాల్ట్జ్ ఆడండి" అని కేక వినిపిస్తుంది. అప్పుడు హాలంతా కదులుతుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. వియన్నా వాల్ట్జ్ చాలా జోరైనది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇంగ్లండులో స్థిరపడ్డ రెండో రకాన్ని నెమ్మది వాల్ట్జ్ అంటారు. మనం నేర్చుకోవలసింది ముందు ఇదే. దీన్ని పద్ధతిలో పెట్టినవారిలో విక్టర్ సిల్వెస్టర్ ఒకరు. 1922లో ప్రపంచ పోటీలో ఫిలిస్ క్లార్క్‌తో కలిసి గెలిచిన నర్తకుడు ఆయన. నాట్యానికి సరిపడేలా ఒకే వేగంతో సాగే రికార్డులు దొరకడం లేదని, 1935లో తానే ఒక వాద్యబృందం పెట్టాడు. 1941నుంచి బి.బి.సి. రేడియోలో నాట్యపాఠాలు చెప్పాడు. యుద్ధం రోజుల్లో, ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళు ఆయన చెప్పిన అడుగులు కాగితం మీద రాసుకుని, ఆ తరవాత లేచి వేసి చూసేవారట. కనక రేడియోలో నాట్యం గురించి చెప్పడమేమిటని మీరు అనుకోనక్కరలేదు. మీరూ ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఇక తాళం సంగతి. వాల్ట్జ్‌కు మూడు లెక్కల నడక. మొదటి లెక్క బరువుగా వినిపిస్తుంది, మిగతా రెండూ తేలిగ్గా ఉంటాయి. ఈ మూడింటి గుంపును వాళ్ళు బార్ అంటారు, మనం ఆవర్తం అనుకుందాం. మన సంగీతం తెలిసినవారికి ఇది కొత్త కాదు. తిస్రగతి, "తకిట తకిట" అన్నమాట. ముత్తుస్వామి దీక్షితులవారు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టిన నోట్టు స్వరాలు ఉన్నాయి గదా! వాటిలో పిల్లలకు నేర్పే "శక్తి సహిత గణపతిం" ఈ మూడు లెక్కల నడకే. అది వాల్ట్జ్ కాదు సుమండీ, కాని ఆ నడక చెవిలో ఉన్నవారికి ఇది పరాయిగా తోచదు.

ఒక చిన్న చిట్కా చెబుతాను. అడుగులు వేస్తూ "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టకండి. "ఒకటి" అన్న మాటలో మూడక్షరాలు, తక్కినవాటిలో రెండేసి. నోరు ఒకటి దగ్గర తొందరపడుతుంది, కాలు దానివెంట పరుగెత్తుతుంది. దానికి బదులు "త, కి, ట" అనుకోండి. లెక్కకొక అక్షరం, అన్నీ సమానం.

మరి అంత తెలిసిన నడకలో కాళ్ళు ఎందుకు తడబడతాయి? కారణం తేలికే. లెక్కలు మూడు, కాళ్ళు రెండు. మనం పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి నడిచేది కుడి, ఎడమ, కుడి, ఎడమ అని రెండేసి లెక్కల్లో. వాల్ట్జ్‌లో ఒక ఆవర్తం కుడికాలితో మొదలైతే, తరవాతి ఆవర్తం ఎడమకాలితో మొదలవుతుంది. కుడి ఎడమ కుడి, ఎడమ కుడి ఎడమ. బరువైన మొదటి లెక్క ప్రతిసారీ కాలు మారుతుంది. ఇందులో ఏ ఒక్కచోట బరువు పూర్తిగా మారకపోయినా, తరవాతి లెక్కకు కావలసిన కాలు ఖాళీగా ఉండదు. అప్పుడు ఏం చేస్తాం? గబుక్కున ఇంకో చిన్న అడుగు వేసి సర్దుకుంటాం. అదే తాళం తప్పడం. చెవి తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు.

అందుకని రెండు మాటలు గుర్తుపెట్టుకుందాం. ఒంటి బరువంతా ఏ కాలి మీద ఉందో అది మోసే కాలు. రెండోది ఖాళీ కాలు. వాల్ట్జ్‌లో ప్రతి లెక్కకూ ఈ రెండూ పదవులు మార్చుకోవాలి. సగం సగం పనికిరాదు.

వర్షాకాలంలో పాకుడు పట్టిన పెరటి గచ్చు మీద ఎలా నడుస్తామో ఒకసారి తలుచుకోండి. ముందు ఖాళీ కాలు చాచి, నేలను తాకి, అది జారదని రూఢి చేసుకున్నాకే ఒళ్ళు దాని మీదికి తెస్తాం. అప్పటిదాకా మనను నిలబెట్టేది వెనక ఉన్న మోసే కాలే. దాని మోకాలు కొంచెం వంగి, ఒంటిని పదిలంగా దాటిస్తుంది. నాట్యంలో అదుపు అంటే ఇదే. అడుగు వేసే కాలి గొప్పేమీ లేదు, పంపించే కాలిదే గొప్పంతా. గచ్చు మీద భయంతో చేసేదాన్ని, ఇక్కడ సంగీతంతో ఆగకుండా చెయ్యాలి, అంతే తేడా.

దీనికి ఎంత వ్యవధి ఉంటుందో లెక్కవేసి చూద్దాం. నెమ్మది వాల్ట్జ్ నిమిషానికి 28నుంచి 30 ఆవర్తాలు సాగుతుంది. 30 ఆవర్తాలంటే 90 లెక్కలు. ఒక్కో లెక్కకు సెకనులో మూడింట రెండు వంతులు. వినడానికి తక్కువనిపిస్తుంది గాని, వాడుకుంటే చాలినంత వ్యవధి. కొత్తవాళ్ళు లెక్క వినిపించగానే టక్కున కాలు వేసేసి, మిగిలిన వ్యవధి ఊరికే నిలబడతారు. తరవాతి లెక్కకు మళ్ళీ టక్కున కదులుతారు. అందుకే బొమ్మ నడిచినట్లుంటుంది. అలా కాక, ప్రతి లెక్కనూ రెండు భాగాలు చేసుకోండి. "త అ, కి ఇ, ట అ." మొదటి సగంలో బరువు కొత్త కాలి మీద వాలుతుంది. రెండో సగంలో ఖాళీ అయిన కాలు నెమ్మదిగా తన చోటికి ప్రయాణం చేస్తుంది. లెక్కను ఖర్చు పెట్టడం తెలిస్తే తొందర దానంతట అదే తగ్గుతుంది.

ఇప్పుడు అడుగులు చెబుతాను, రాసుకోండి. ఇది ఆడవారి వరస. నేల మీద ఒక చదరపు ముగ్గు ఉందనుకుని, దాని గీతల మీద నడిచినట్లుంటుంది. "త" అన్నప్పుడు కుడికాలు వెనక్కి. "కి" అన్నప్పుడు ఎడమకాలు ఎడమపక్కకు. "ట" అన్నప్పుడు కుడికాలు వచ్చి ఎడమకాలి పక్కన చేరాలి, బరువు కుడికాలికి మారాలి. ఇది మొదటి ఆవర్తం. మళ్ళీ "త" అన్నప్పుడు ఎడమకాలు ముందుకు. "కి", కుడికాలు కుడిపక్కకు. "ట", ఎడమకాలు వచ్చి కుడికాలి పక్కన చేరాలి, బరువు ఎడమకాలికి మారాలి. ఇప్పుడు మీరు బయలుదేరిన చోటికే వచ్చారు, కుడికాలు మళ్ళీ ఖాళీగా ఉంది. ఎదుట ఉన్నవారు దీనికి అద్దంలో బొమ్మలాగా, ఎడమకాలు ముందుకు వేసి మొదలుపెడతారు.

ఇందులో జరిగే పొరపాట్లు ముఖ్యంగా మూడు.

మొదటిది, మూడో లెక్కను మింగెయ్యడం. కాలు వచ్చి రెండో కాలి పక్కన చేరుతుంది గాని, బరువు మారదు. పక్కన ఆనించి ఊరుకుంటాం. చూసేవారికి పాదాలు కలిసినట్లే కనిపిస్తాయి. కాని తరవాతి లెక్కకు వెయ్యవలసిన కాలి మీదే మనం నిలబడి ఉంటాం. చాలా తడబాట్లు ఇక్కడే పుడతాయి. పాదాలు కలిశాయా అని కాదు, బరువు మారిందా అని అడగాలి.

రెండోది, మొదటి లెక్కకు ముందే వచ్చి పడిపోవడం. "ట" పూర్తి కాకుండానే ఒళ్ళు ముందుకో, వెనక్కో ఒరిగిపోతుంది. బరువైన లెక్క వస్తోందన్న ఆత్రం. ఉయ్యాల ఊపేవారిని చూడండి. ఉయ్యాల వెనక్కి పూర్తిగా వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ముందుకు పోబోయేటప్పుడు చెయ్యి వేస్తారు. అది ఇంకా వెనక్కి వస్తూ ఉండగానే తోస్తే చేతికి తగిలి, ఊపు చెడిపోతుంది. "ట" చివర ఉండే ఆ క్షణాన్ని పోగొట్టుకోకూడదు.

మూడోది, పాదాలను చూసుకోవడం. తల వంచితే ఒంటి బరువు ముందుకు తూలుతుంది. మోసే కాలి మీద నిలకడ పోతుంది. నిండు బిందె చంకన పెట్టుకుని నడిచే మనిషి ఎప్పుడైనా పాదాలు చూసుకుంటుందా? చూపు దూరంగా ఉంటుంది, నడుము పైభాగం కుదురుగా ఉంటుంది, మోకాళ్ళు మాత్రం మెత్తగా పనిచేస్తాయి. వాల్ట్జ్‌కు కావలసిన నిలబడే తీరు అదే.

ఇక లేవడం, దిగడం సంగతి. నెమ్మది వాల్ట్జ్ చూడడానికి అలల్లాగా ఉంటుంది. మొదటి లెక్కలో మోకాళ్ళు మెత్తగా ఉండి ఒళ్ళు కిందుగా ఉంటుంది. ఆ లెక్క చివర లేవడం మొదలై, రెండులో పెరిగి, మూడులో మునివేళ్ళ మీద నిలుస్తుంది. మూడు చివర మళ్ళీ మడమ నేలకు దిగుతుంది. అందరూ లేవడమే కష్టమనుకుంటారు. నిజానికి కష్టమంతా దిగడంలో ఉంది. లేచినవాళ్ళు ధబ్బున పడితే తరవాతి లెక్క ముందే వచ్చేస్తుంది. నెమ్మదిగా, చీలమండ, మోకాలు రెండూ సాయం చేస్తూ దిగితే, మొదటి లెక్క సరిగ్గా వేళకు అందుతుంది. కొత్తలో ఈ అల జోలికి పోనక్కరలేదు. పాదాలు నేల మీదే ఉంచి, బరువు మార్చడం వచ్చాక దీన్ని చేర్చుకోవచ్చు.

జంటగా ఆడేటప్పుడు ఆడవారికి ఇంకొక చిక్కు ఉంది. నడిపించేది ఎదుటివారు, అనుసరించేది మనం. "ఆయన ఎటు లాగితే అటు పోవడమేగా" అనుకుంటే పొరపాటు. చెయ్యి ఎదుటివారి భుజం కింద ఆనించాలి గాని, దానికి వేలాడకూడదు. ఎవరి చేతి బరువు వారిదే, ఎవరి ఒంటి బరువు వారిదే. బరువు రెండు కాళ్ళ మధ్యా పెట్టుకుని నిలబడితే, మీకు ఏ కాలు ఖాళీగా ఉందో ఎదుటివారికి తెలిసే దారి లేదు. అప్పుడే లాగడం, తోయడం, కాలు తొక్కడం. "ట" ముగిసేసరికి మీరు ఒక్క కాలి మీద కుదురుగా ఉన్నారంటే, ఎటు వెళ్ళడానికైనా సిద్ధంగా ఉన్నట్లు. తరవాతి అడుగు ఏమిటో ముందే ఊహించి వెయ్యకండి, కదలిక మీకు అందాక వెయ్యండి. అనుసరించడమంటే తన నిలకడ తాను కాపాడుకుంటూ ఎదుటివారి మాట వినడం. నిలకడ లేనివారు అనుసరించనూ లేరు.

ఇప్పుడు ఇంట్లో చేసుకోవలసిన సాధన. రోజుకు పది నిమిషాలు చాలు. మధ్యాహ్నం పనులు తెమిలాక, తడి లేని గచ్చు మీద చేసుకోవచ్చు. చీర కుచ్చిళ్ళు నేలను తాకుతూ ఉంటే వెనక్కి వేసే అడుగులో మడమ కింద పడతాయి, కనక కాస్త పైకి కట్టుకోండి. వదులు చెప్పులు వద్దు. వేసుకుంటే వెనకపక్క పట్టీ ఉన్నవి వేసుకోండి.

మొదటి వారం కూర్చునే చెయ్యండి. ఏదైనా నెమ్మది వాల్ట్జ్ పెట్టుకుని, ప్రతి ఆవర్తంలో "త" దగ్గర మాత్రం కాలు తట్టండి. ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు. ఇంతేనా అనిపిస్తుంది. కాని మూడు లెక్కలకు కాలు మార్చడమన్నది ఒంటికి అలవాటయ్యేది ఇక్కడే.

రెండో వారం లేచి నిలబడి, ఉన్నచోటనే బరువు మార్చండి. కుడి ఎడమ కుడి, ఎడమ కుడి ఎడమ. ప్రతి లెక్కకూ ఒక పరీక్ష ఉంది. ఖాళీ కాలి మడమ ఎత్తి చూడండి. ఒళ్ళు ఊగకుండా లేచిందా, బరువు మారినట్లు. నడుము పక్కకు ఒరిగితేనే లేచిందా, మారనట్లు. మొదట్లో వంటింటి గట్టు మీద రెండు వేళ్ళు ఆనించుకోండి. సెల్‌ఫోనులో మెట్రోనోమ్ దొరుకుతుంది, దాన్ని నిమిషానికి 60 దెబ్బలకు పెట్టుకోండి. నెమ్మదైతే తేలికనుకుంటారేమో, కాదు. నెమ్మదిగా చేసేటప్పుడే ఒంటికాలి మీద ఎక్కువసేపు ఉండాలి. అదే అదుపు నేర్పుతుంది. కుదిరాక 72, ఆ తరవాత 84, చివరకు 90.

మూడో వారం చదరం అడుగులు మొదలుపెట్టండి. అడుగులు చిన్నవిగా ఉండాలి, జానెడు చాలు. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళను "స్టాచ్యూ" ఆట ఆడమనండి. మీరు అడుగులు వేస్తూ ఉండగా వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు "స్టాచ్యూ" అని అరుస్తారు. ఏ లెక్క దగ్గర ఆపినా మీరు ఒక్క కాలి మీద నిలబడి ఉండగలగాలి. ఎక్కడ తూలారో అక్కడే మీ తాళం తప్పుతోందన్నమాట. ఇంతకన్నా మంచి పరీక్ష గురువులు కూడా పెట్టలేరు, పిల్లలకూ కాలక్షేపం.

నాలుగో వారం చెవికి పరీక్ష. పాట నడుస్తూ ఉండగా శబ్దం పూర్తిగా తగ్గించి, నాలుగు ఆవర్తాలు మౌనంగా అడుగులు వేసి, మళ్ళీ శబ్దం పెంచండి. మీ "త"కు పాట "త" కలిసిందా? పాట మీకన్నా వెనకబడి ఉంటే మీరు తొందరపడుతున్నారు. చాలామందికి జరిగేది అదే. మన సంగీతంలో కాలప్రమాణం అంటామే, అది మనలో ఎంత నిలిచిందో ఇది చెప్పేస్తుంది.

మడమ దించే సాధన కూడా వీటితోపాటు చేసుకోవచ్చు. గట్టు పట్టుకుని ఒక లెక్కలో మునివేళ్ళ మీదికి లేచి, మూడు లెక్కల్లో దిగండి. పదిసార్లు. మోకాళ్ళ నొప్పులున్నవారు, కళ్ళు తిరిగేవారు, గుండె జబ్బుకు మందులు వాడుతున్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

ఇవన్నీ కుదిరాక తిరగడం నేర్చుకోవచ్చు. జంటలన్నీ హాలు చుట్టూ గడియారం ముల్లుకు ఎదురుగా సాగుతాయి. మన ప్రదక్షిణకు సరిగ్గా ఎదురు దిశ. వియన్నా వాల్ట్జ్ అయితే నిమిషానికి 60 ఆవర్తాల దాకా సాగుతుంది, అంటే లెక్కకు సెకనులో మూడో వంతే. రెండు ఆవర్తాలకొక చుట్టు చొప్పున నిమిషానికి ముప్పై చుట్లు తిరగాలి. దానికి తోడు వియన్నా వాద్యకారులు రెండో లెక్కను రవ్వంత ముందుగా వాయిస్తారు. మూడూ సమానమనుకుని నేర్చుకున్న చెవికి ఇది మొదట వింతగా ఉంటుంది. ఆ వంపులోనే వారి సంగీతం అందమంతా ఉందంటారు. మోసే కాలి మీద నిలకడ లేకుండా అక్కడికి పోతే కళ్ళు తిరగడం తప్ప ఏమీ మిగలదు. అందుకే నెమ్మది వాల్ట్జ్ ముందు, వియన్నా వాల్ట్జ్ తరవాత.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. నాట్యంలో ఉన్న ఆనందం ఒకటి. దానితోపాటు ఇంకొక లాభం ఉంది. ఇటలీలో గుండె బలహీనపడిన 130 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2008లో వెలువడింది. నెమ్మది వాల్ట్జ్, జోరు వాల్ట్జ్ కలిపి వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు, వైద్యుల పర్యవేక్షణలో ఆడినవారికి, సైకిలు తొక్కడం వంటి వ్యాయామం చేసినవారికి కలిగినంత మేలూ కలిగిందని అందులో తేలింది. గుండె సంగతి అలా ఉంచినా, నలభై అయిదు, యాభై దాటాక ఆడవారికి ఎముకలు పలచబడతాయి. ఆ వయసులో స్నానాల గదిలో ఒక్కసారి జారితే తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచాన పడ్డవారిని మనం చూస్తూనే ఉన్నాం. పడకుండా కాపాడేది ఒక్క కాలి మీద నిలబడగల శక్తీ, బరువును చప్పున, పదిలంగా రెండో కాలికి మార్చగల నేర్పూ. వాల్ట్జ్ నేర్పేది సరిగ్గా ఈ రెండే. హాలుకు వెళ్ళి ఎవరితోనూ ఆడకపోయినా, వంటింటి గట్టు పక్కన రోజూ పది నిమిషాలు "తకిట" అనుకుంటూ బరువు మార్చినా ఆ సాధన మీకు దక్కుతుంది.

కాబట్టి ఈసారి ఎవరైనా "నాకు తాళజ్ఞానం లేదు" అంటే నమ్మకండి. మీరు అలా అనుకుంటూ ఉంటే మిమ్మల్ని మీరూ నమ్మకండి. మూడో లెక్క దగ్గర బరువు మారిందో లేదో చూసుకోండి. నడుము నిటారుగా, చూపు ఎదరికి, మోసే కాలి మీద పూర్తిగా నిలబడి, తరవాతి లెక్క వచ్చేదాకా ఓపిక పట్టండి. తాళం దానంతట అదే మీ కాలి కిందికి వస్తుంది.